జ్వరం రోజుల్లో విటమిన్ ఇ: ఏ డోసు ఎవరికి, లిపిడ్ రిపోర్టును ఎప్పుడు నమ్మాలి?

ఫ్లూ గానీ కొవిడ్ గానీ వచ్చి తగ్గుతున్నవాళ్ల దగ్గర తరచుగా రెండు కనిపిస్తాయి. ఒకటి విటమిన్ ఇ 400 క్యాప్సూళ్ల స్ట్రిప్పు. రెండోది జ్వరం మధ్యలో చేయించిన రక్తపరీక్షల రిపోర్టు, అందులో ఓ మూల లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలోని కొవ్వుల లెక్క). ఇమ్యూనిటీ పెరుగుతుందని ఎవరో చెబితే క్యాప్సూల్ మొదలుపెడతారు. రిపోర్టులో కొలెస్ట్రాల్ తగ్గినట్టు కనిపిస్తే ఆ మంచి క్యాప్సూల్‌దే అనుకుంటారు. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) పెరిగితే టెన్షన్ పడి డోసు పెంచుతారు. ఈ రెండు ఆలోచనలూ తప్పే. ఏది ఎంచుకోవాలో చెప్పేముందు జ్వరం రక్తంలోని కొవ్వులను ఏం చేస్తుందో చూడాలి. అది తెలిస్తే సగం నిర్ణయం దానంతటదే తేలిపోతుంది.

జ్వరంలో వచ్చే కొలెస్ట్రాల్ అంకెలు

వైరస్ ఊపిరితిత్తుల్లో చేరగానే శరీరం ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ లాంటి వాపు రసాయనాలను విడుదల చేస్తుంది. వాటి ప్రభావంతో కాలేయం ట్రైగ్లిజరైడ్లు నిండిన కణాలను ఎక్కువగా రక్తంలోకి పంపుతుంది. ఆ ట్రైగ్లిజరైడ్లను విరిచే ఎంజైమ్ మాత్రం నెమ్మదిస్తుంది. కాబట్టి ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. అదే సమయంలో మొత్తం కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్), హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) మూడూ పడిపోతాయి. హెచ్‌డీఎల్ తగ్గడమే కాదు, దాని స్వభావం కూడా మారుతుంది. దానిలోని మామూలు ప్రోటీన్ స్థానంలోకి సీరమ్ అమిలాయిడ్ ఎ అనే వాపు ప్రోటీన్ చేరుతుంది. కొవిడ్ రోగుల్లో ఇది బాగా కనిపించింది. జబ్బు ఎంత తీవ్రంగా ఉంటే ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ అంత తక్కువగా ఉన్నాయి. అంటే ఆ రోజుల్లో కొలెస్ట్రాల్ తక్కువగా ఉండటం జబ్బు గట్టిగా పట్టిందనడానికి ఒక గుర్తు.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. చాలా ల్యాబులు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవవు, లెక్కగట్టి రాస్తాయి. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతు కూడా తీసేస్తాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఒకరికి మొత్తం కొలెస్ట్రాల్ 200 (డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో), హెచ్‌డీఎల్ 45, ట్రైగ్లిజరైడ్లు 150 ఉన్నాయనుకోండి. 200లోంచి 45, 30 తీస్తే ఎల్‌డీఎల్ 125. అదే మనిషికి ఫ్లూ ముదిరిన రోజున మొత్తం 165, హెచ్‌డీఎల్ 35, ట్రైగ్లిజరైడ్లు 260 వచ్చాయనుకోండి. 165లోంచి 35, 52 తీస్తే 78. నిజంగా తగ్గింది కొంత. పెరిగిన ట్రైగ్లిజరైడ్ల వల్ల లెక్కలో తగ్గినట్టు కనిపించేది ఇంకొంత. రెండూ కలిసి 125 కాస్తా 78 అయింది. ఆ రిపోర్టు చూసి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మానేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క అసలు పనికిరాదు. అప్పుడు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలిచే పరీక్ష అడగాలి.

ఆసుపత్రిలో చేరినవాళ్లకు ఇంకో చిక్కుంది. కొవిడ్‌లో ఇచ్చే డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు ట్రైగ్లిజరైడ్లనూ షుగర్‌నూ పెంచగలవు. ఇంటర్‌ల్యూకిన్-6ను అడ్డుకునే టోసిలిజుమాబ్ ఇచ్చాక లిపిడ్లు పైకి లేస్తాయి. వెంటిలేటర్ మీద మత్తుకు వాడే ప్రొపోఫాల్‌ను కొవ్వు ద్రవంలోనే కలిపి ఇస్తారు. ఇన్ని కారణాల మధ్య అంకె మారితే ఆ మార్పును ఒక విటమిన్ క్యాప్సూల్ ఖాతాలో ఎలా వేస్తాం?

విటమిన్ ఇ పరీక్ష కూడా తప్పుదారి పట్టిస్తుంది

కొందరు జ్వరంలో విటమిన్ ఇ స్థాయి కూడా చూపించుకుంటారు. తక్కువ వస్తే లోపం అనుకుంటారు. విటమిన్ ఇకి రక్తంలో సొంత రవాణా ప్రోటీన్ లేదు. అది ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ లాంటి కొవ్వు కణాలెక్కి తిరుగుతుంది. బస్సులు తగ్గిన రోజున స్టాండులో దిగే జనం తక్కువగా కనిపిస్తారు. అంతమాత్రాన ఊళ్లో జనం తగ్గినట్టు కాదు. జ్వరంలో ఎల్‌డీఎల్ తగ్గితే విటమిన్ ఇ అంకె కూడా దాంతోపాటే దిగుతుంది. కొలెస్ట్రాల్ బాగా ఎక్కువగా ఉన్నవాళ్లలో దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది: లోపం ఉన్నా అంకె బాగానే వస్తుంది.

అందుకే నిపుణులు విటమిన్ ఇని విడిగా చూడరు, రక్తంలోని మొత్తం కొవ్వుతో పోల్చి చూస్తారు. మామూలుగా లీటరుకు 12 మైక్రోమోల్ కంటే తక్కువైతే లోపం అంటారు. కొవ్వుతో పోల్చేటప్పుడు మొత్తం లిపిడ్ గ్రాముకు 0.8 మిల్లీగ్రాముల కంటే తక్కువైతే లోపం. ఆరోగ్యంగా తిని అరిగించుకునే పెద్దవాళ్లలో నిజమైన లోపం చాలా అరుదు. కొవ్వు అరగని జబ్బులున్నవాళ్లు, సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవాళ్లు, పిత్తం ప్రవాహం ఆగిన కాలేయ రోగులు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, కొన్ని జన్యులోపాలున్నవాళ్లు అసలు లెక్కలోకి వచ్చేవాళ్లు. వాళ్లకు విటమిన్ ఇ నిజమైన మందు. మిగతా వ్యాసం వాళ్లకోసం కాదు, వాళ్ల డోసు వాళ్ల డాక్టర్ చూసుకోవాలి.

ఆశ ఎక్కడినుంచి పుట్టింది

విటమిన్ ఇని 1922లో బర్క్‌లీలో హెర్బర్ట్ ఎవాన్స్, క్యాథరిన్ బిషప్ కనుక్కున్నారు. అది కణాల పొరల్లోని కొవ్వు ఆమ్లాలు ఆక్సీకరణ చెందకుండా కాపాడుతుంది. రోగనిరోధక కణాల పొరల్లోనూ అది ఎక్కువే ఉంటుంది. ముసలి ఎలుకలకు ముందునుంచీ విటమిన్ ఇ పెట్టి ఫ్లూ వైరస్ ఎక్కిస్తే వాటి ఊపిరితిత్తుల్లో వైరస్ తక్కువగా ఉంది. విటమిన్ ఇ లోపించిన ఎలుకల్లో నిరపాయకరమైన కాక్స్‌సాకీ వైరస్ గుండెను దెబ్బతీసే రకంగా మారిపోయింది. మనుషులమీద 1997లో ఒక చిన్న అధ్యయనం వెలువడింది. రోజుకు 200 మిల్లీగ్రాములు తీసుకున్న వృద్ధుల్లో హెపటైటిస్ బి టీకాకు స్పందన మెరుగుపడింది.

ఇవన్నీ నిజమైన ఫలితాలే. ఆశపడినవాళ్లను తప్పుపట్టలేం. అయితే ల్యాబులో రోగనిరోధక గుర్తు మెరుగుపడటం వేరు, ఇంట్లో మనిషికి జబ్బు తక్కువ రావడం వేరు. రెండోది తేల్చడానికి పెద్ద పరీక్షలు జరిగాయి. ఎంపిక వాటిమీదే ఆధారపడాలి.

డోసుల వారీగా పోలిక

మొదటి ఎంపిక ఆహారం. పెద్దవాళ్లకు రోజుకు 15 మిల్లీగ్రాముల ఆల్ఫా టోకోఫెరాల్ (విటమిన్ ఇలో శరీరం వాడుకునే రకం) చాలు, పాలిచ్చే తల్లులకు 19. ఒక 28 గ్రాముల బాదం గానీ పొద్దుతిరుగుడు గింజలు గానీ తింటే దాదాపు 7 మిల్లీగ్రాములు అందుతుంది. మిగతాది నూనెల్లోనూ ఆకుకూరల్లోనూ ఉంటుంది. జ్వరంలో తిండి సయించకపోతే నాలుగు రోజులు తక్కువ తిన్నంత మాత్రాన విటమిన్ ఇ లోపం రాదు. శరీరపు కొవ్వులో దాని నిల్వలు నెలల తరబడి ఉంటాయి. చాలామందికి నా సలహా ఇక్కడితోనే ముగుస్తుంది.

రెండో ఎంపిక, మల్టీవిటమిన్‌లో ఉండే కొద్దిపాటి డోసు. 30 యూనిట్ల (స్ట్రిప్పు మీద IU అని రాసే కొలత) సింథటిక్ రకమైతే అది 13.5 మిల్లీగ్రాముల పనిచేస్తుంది. రోజువారీ అవసరానికి దగ్గరగా ఉంటుంది, హాని లేదు. తిండి సరిగా పట్టని వృద్ధులకు ఇది సరిపోతుంది. వైరస్‌ను ఆపుతుందని మాత్రం ఆశించకూడదు.

మూడోది రోజుకు 200 (మిల్లీగ్రాములు లేదా యూనిట్లు). దీనిమీదే అసలు చర్చంతా. ఎందుకంటే వృద్ధుల శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్లమీద పరీక్షించిన డోసు ఇదే, వచ్చిన ఫలితాలు రెండు వైపులా లాగుతున్నాయి. 2002లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనం ఇంట్లో ఉంటున్న 60 ఏళ్లు దాటిన 652 మందికి రోజూ 200 మిల్లీగ్రాములు, మల్టీవిటమిన్లు, రెండూ, లేదా ఉత్తుత్తి (మందు లేని) మాత్ర ఇచ్చింది. విటమిన్ ఇ వల్ల ఇన్‌ఫెక్షన్ల సంఖ్య తగ్గలేదు. అది చాలదన్నట్టు, జబ్బు వచ్చినప్పుడు విటమిన్ ఇ తీసుకున్నవాళ్లలో తీవ్రత ఎక్కువ కనిపించింది. జబ్బు ఉన్న కాలం వాళ్లలో 19 రోజులు, తీసుకోనివాళ్లలో 14. జ్వరం, లక్షణాల సంఖ్య, రోజువారీ పనులు ఆగిపోవడం కూడా ఎక్కువే. 2004లో వెలువడిన అధ్యయనంలో బోస్టన్ ప్రాంతంలోని వృద్ధాశ్రమాల్లో 617 మందికి ఏడాదిపాటు రోజూ 200 యూనిట్లు ఇచ్చి చూశారు. న్యుమోనియా లాంటి కింది శ్వాసకోశ జబ్బుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, యాంటీబయాటిక్ వాడకంలోనూ లేదు. మామూలు జలుబు మాత్రం విటమిన్ ఇ వర్గంలో కొంత తక్కువమందికి వచ్చింది.

ఈ రెంటినీ పక్కపక్కన పెడితే నాకు కనిపించేది ఇది. ఆశ్రమంలో ఉండే బలహీనమైన వృద్ధులకు జలుబు విషయంలో చిన్న లాభం ఉండొచ్చు. ఇంట్లో తిరుగుతూ తింటూ ఉన్న వృద్ధులకు లాభం కనిపించలేదు, నష్టం సూచన ఉంది. అంటే తిండి బాగా ఉన్నవాళ్లు ఈ డోసు ఎంచుకోవడానికి బలమైన కారణం లేదు. ఇప్పటికే జ్వరం వచ్చినవాళ్లు ఆ రోజున మొదలుపెట్టడానికి అసలే కారణం లేదు. ఈ అధ్యయనాలన్నీ జబ్బుకు ముందునుంచీ వాడినవాళ్లమీద జరిగినవి.

ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్లమీద జరిగిన పెద్ద పరీక్ష కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. అక్కడ డోసు రోజుకు 50 మిల్లీగ్రాములే, ఐదు నుంచి ఎనిమిదేళ్లు ఇచ్చారు. మొత్తంమీద న్యుమోనియా తగ్గలేదు. మెదడులో రక్తస్రావం వల్ల మరణాలు మాత్రం ఎక్కువగా కనిపించాయి.

నాలుగో ఎంపిక 400 యూనిట్లు. దుకాణాల్లో ఎక్కువ దొరికేది, జనం ఎక్కువ కొనేది ఇదే. ఇదే నాకు ఎక్కువ దిగులు కలిగించేది కూడా. సింథటిక్ రకమైతే ఇది 180 మిల్లీగ్రాములు, అంటే రోజువారీ అవసరానికి 12 రెట్లు. సహజ రకమైతే 268, దాదాపు 18 రెట్లు. 2005లో పాత పరీక్షలన్నీ కలిపి చూసిన విశ్లేషణలో 400 యూనిట్లు, అంతకు మించిన డోసుల దగ్గర మొత్తం మరణాలు కొద్దిగా పెరిగినట్టు తేలింది. 35 వేల మందికి పైగా మగవాళ్లమీద జరిగిన సెలెక్ట్ అధ్యయనం 2011 ఫలితాల్లో రోజుకు 400 యూనిట్లు తీసుకున్నవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ. హోప్ అధ్యయనంలో 400 యూనిట్లు గుండెపోటును తగ్గించలేదు. దాని కొనసాగింపులో గుండె వైఫల్యం 13 శాతం పెరిగింది. ఇంత భారం మోసే డోసుకు శ్వాసకోశ వైరస్ విషయంలో నిరూపితమైన లాభం ఏదీ లేదు. వారం రోజులు వేసుకుంటే ఏమవుతుందని అడుగుతారు. ఆరోగ్యవంతుడికి వారంలో హాని జరిగే అవకాశం తక్కువే. అయితే కొన్న స్ట్రిప్పు అక్కడితో ఆగదు, అలవాటై నెలలు సాగుతుంది. పెద్ద అధ్యయనాల్లో నష్టం బయటపడింది ఆ దీర్ఘకాలంలోనే.

ఐదోది 800, ఆపైన. షుగర్ లేని, బయాప్సీలో నిర్ధారణ అయిన కొవ్వు కాలేయ వాపు రోగుల్లో 800 యూనిట్లు కాలేయాన్ని మెరుగుపరిచాయని 2010లో పివెన్స్ అధ్యయనం చూపింది. అది డాక్టర్ పర్యవేక్షణలో సాగే వైద్యం. జలుబు జ్వరాలకు దాన్ని అరువు తెచ్చుకోకూడదు. పెద్దవాళ్లకు గరిష్ఠ పరిమితిని అమెరికా 1000 మిల్లీగ్రాములుగా పెడితే, యూరప్ 300 దగ్గరే ఆపింది. నేనైతే రెండో దానివైపే ఉంటాను.

డోసు పెంచితే ప్రయోజనమూ పెరుగుతుందనుకోవడానికి ఇంకో అడ్డంకి శరీరంలోనే ఉంది. కాలేయంలో ఆల్ఫా టోకోఫెరాల్‌ను ఎంపిక చేసి రక్తంలోకి పంపే ప్రోటీన్ ఒకటుంది. దాని సామర్థ్యం నిండాక మిగిలింది విసర్జన అవుతుంది. ఎంత మింగినా రక్తంలో స్థాయి సుమారు రెండు మూడు రెట్లకు మించి పెరగదు.

కొలెస్ట్రాల్ కోసమైతే: విటమిన్ ఇ, స్టాటిన్ ఎదురెదురుగా

ఈ రెంటినీ పోల్చడానికి వేర్వేరు అధ్యయనాలు వెతుక్కోనక్కర్లేదు. బ్రిటన్‌లో ఒకే పరీక్షలో, ఒకే జనంమీద రెంటినీ పరీక్షించారు. హార్ట్ ప్రొటెక్షన్ స్టడీలో 20,536 మంది ఉన్నారు, గుండెజబ్బు, రక్తనాళాల జబ్బు లేదా షుగర్ వల్ల ప్రమాదం ఎక్కువున్నవాళ్లు. వాళ్లలో సగం మందికి సింవాస్టాటిన్ 40 మిల్లీగ్రాములు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. మళ్లీ అదే జనాన్ని ఇంకోలా పంచి సగం మందికి రోజూ విటమిన్ ఇ 600 మిల్లీగ్రాములు, విటమిన్ సి 250, బీటా కెరోటిన్ 20 ఇచ్చారు. ఐదేళ్లు గమనించి 2002లో ఫలితాలు ప్రకటించారు.

స్టాటిన్ వర్గంలో గుండెపోటు, స్ట్రోక్ లాంటి పెద్ద ప్రమాదాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. విటమిన్ల వర్గంలో ఏమీ తగ్గలేదు. గుండెజబ్బు తగ్గలేదు, క్యాన్సర్ తగ్గలేదు. చాలామందికి తెలియని ముక్క ఇంకొకటుంది: విటమిన్లు తీసుకున్నవాళ్లలో మొత్తం కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు స్వల్పంగా పెరిగాయి. కొలెస్ట్రాల్ తగ్గించుకోవడానికి విటమిన్ ఇ వేసుకునేవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

ఎల్‌డీఎల్ ఆక్సీకరణ చెందితేనే రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది, విటమిన్ ఇ ఆక్సీకరణను ఆపుతుంది కాబట్టి గుండెకు మేలు చేస్తుంది అన్నది పాత తర్కం. పరీక్షనాళికలో అది బాగానే నిలిచింది. 1996లో వెలువడిన కేంబ్రిడ్జ్ అధ్యయనంలో ప్రాణాంతకం కాని గుండెపోట్లు తగ్గినట్టు కూడా కనిపించింది. తరవాత ఇటలీలో గిస్సీ, తర్వాత హోప్, ఆ తర్వాత ఈ హార్ట్ ప్రొటెక్షన్ స్టడీ, వరసగా పెద్ద పరీక్షలు దాన్ని నిలబెట్టలేదు. మహిళలమీద జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో గుండెజబ్బు మరణాలు కొంత తగ్గిన మాట నిజమే. మొత్తం గుండె ప్రమాదాల్లో మాత్రం తేడా రాలేదు. 2022లో అమెరికా నివారణ సేవల కార్యదళం గుండెజబ్బు, క్యాన్సర్ల నివారణకు విటమిన్ ఇ వద్దని స్పష్టంగా చెప్పింది.

పోనీ, స్టాటిన్‌తోపాటు విటమిన్ ఇ కలిపి వేసుకుంటే? హెచ్‌డీఎల్ తక్కువున్న 160 మంది గుండె రోగులమీద జరిగి 2001లో వెలువడిన పరీక్షలో సింవాస్టాటిన్, నియాసిన్ (విటమిన్ బి3) కలిపి ఇస్తే హెచ్‌డీఎల్ పెరిగింది. అదే జోడీకి విటమిన్ ఇ, సి, బీటా కెరోటిన్, సెలీనియం చేర్చితే ఆ పెరుగుదల తగ్గిపోయింది. చిన్న అధ్యయనమే, నియాసిన్ వాడకం ఇప్పుడు బాగా తగ్గింది కూడా. అయినా కలిపితే మంచిదే అన్న ఊహకు అది గట్టి హెచ్చరిక.

ట్రైగ్లిజరైడ్ల సంగతి క్లుప్తంగా: విటమిన్ ఇ వాటిని తగ్గించదు. తగ్గించేవి తిండిలో చక్కెర, మద్యం తగ్గించడం, షుగర్ అదుపు, అవసరమైతే డాక్టర్ రాసే ఫైబ్రేట్లు లేదా రోజుకు 4 గ్రాముల మోతాదులో ఒమేగా-3.

ఇన్‌ఫెక్షన్ రోజుల్లో గుండెను కాపాడేది ఏది

2018లో కెనడాలోని ఒంటారియో సమాచారంతో వచ్చిన అధ్యయనం నా దృష్టిలో చాలా ముఖ్యమైనది. ల్యాబులో ఫ్లూ నిర్ధారణ అయిన మొదటి ఏడు రోజుల్లో గుండెపోటు ప్రమాదం మిగతా రోజులకంటే ఆరు రెట్లు. ఆర్ఎస్‌వీ లాంటి ఇతర వైరస్‌లతోనూ పెరుగుదల కనిపించింది. అంటే కొవ్వు పేరుకున్న రక్తనాళాలున్నవాళ్లకు ఫ్లూ వారం నిజంగా జాగ్రత్త పడాల్సిన వారం.

ఆ ప్రమాదాన్ని తగ్గించే ఎంపికల్లో ఫ్లూ టీకాకు గట్టి ఆధారం ఉంది. గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో చేరిన రోగులకు అక్కడే ఫ్లూ టీకా వేసి ఏడాది చూసిన అధ్యయనం 2021లో వచ్చింది. మరణం, మళ్లీ గుండెపోటు, స్టెంట్‌లో గడ్డకట్టడం కలిపి చూస్తే టీకా వర్గంలో 5.3 శాతం, ఉత్తుత్తి ఇంజెక్షన్ వర్గంలో 7.2 శాతం. ఒక ఇంజెక్షన్‌కు అది పెద్ద ఫలితం. క్యాప్సూళ్ల కోసం దుకాణానికి వెళ్లే ఓపిక టీకా కోసం వాడితే ఎంత బాగుంటుంది!

రెండోది, ఇప్పటికే వాడుతున్న స్టాటిన్‌ను జ్వరంలో సొంతంగా ఆపకపోవడం. అయితే మందుల మధ్య తగువులున్నాయి. కొవిడ్‌కు నిర్మట్రెల్విర్-రిటోనావిర్ కోర్సు ఇచ్చినప్పుడు సింవాస్టాటిన్, లోవాస్టాటిన్ వేసుకోకూడదు. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ కూడా ఆ కొద్దిరోజులు ఆపమని డాక్టర్ చెప్పొచ్చు. ఛాతీ ఇన్‌ఫెక్షన్‌కు క్లారిత్రోమైసిన్ రాస్తే సింవాస్టాటిన్‌తో అదే సమస్య, కండరాలు దెబ్బతినే ప్రమాదం. వాడుతున్న మందుల చిట్టా మొత్తం డాక్టర్‌కు చూపించడం ఇక్కడ తప్పనిసరి.

మూడోది, వైరస్‌కు మందు ఉన్నచోట సమయానికి వేయడం. ఫ్లూకి ఓసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆ రెండు రోజులు విటమిన్ల మీద నమ్మకంతో గడిపేస్తే ఆ అవకాశం పోతుంది.

లేబుల్ మీద ఏం చూడాలి

డాక్టర్ చెప్పి విటమిన్ ఇ వాడాల్సి వస్తే స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాలు చదవండి. డి-ఆల్ఫా అని ఉంటే సహజ రకం, డిఎల్-ఆల్ఫా అని ఉంటే సింథటిక్. ఒక్క అక్షరం తేడాతో బలం మారుతుంది. సహజ రకంలో ఒక యూనిట్ 0.67 మిల్లీగ్రాములు, సింథటిక్‌లో 0.45. ఎసిటేట్, సక్సినేట్ అన్న తోకలు నిల్వ కోసం పెట్టినవి, పేగుల్లో విడిపోతాయి. కొవ్వుతో కలిసి అరిగే విటమిన్ కాబట్టి భోజనం చేశాక వేసుకోవాలి, ఖాళీ కడుపున దండగ. బరువు తగ్గడానికి వాడే ఓర్లిస్టాట్, కొలెస్ట్రాల్‌కు వాడే కొలెస్టిరమిన్ దీన్ని ఒంటబట్టనివ్వవు.

టోకోట్రైనాల్ అనే విటమిన్ ఇ రకం కొలెస్ట్రాల్ తగ్గిస్తుందని అమ్ముతారు. కణాలమీద ప్రయోగాల్లో అది కొలెస్ట్రాల్ తయారీ ఎంజైమ్‌ను తగ్గిస్తుంది, నిజమే. మనుషుల్లో ఫలితాలు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. స్టాటిన్ స్థానంలో దాన్ని పెట్టుకోవద్దు. విటమిన్ ఇని ఆవిరి రూపంలో పీల్చడం మాత్రం ఎవరూ ఎప్పుడూ చేయకూడదు. 2019లో అమెరికాలో వేపింగ్ ద్రవాల్లో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ తీవ్రమైన ఊపిరితిత్తుల గాయాలకు ప్రధాన కారణంగా తేలింది.

ఎవరికి ఏది

ఆరోగ్యంగా ఉండి జలుబు, ఫ్లూ వచ్చినవాళ్లకు: ఏ విటమిన్ ఇ మాత్రా అక్కర్లేదు. విశ్రాంతి, నీళ్లు, జ్వరానికి మాత్ర, అవసరమైతే డాక్టర్.

కొలెస్ట్రాల్ ఎక్కువుండి స్టాటిన్ వాడుతున్నవాళ్లకు: విటమిన్ ఇ చేర్చొద్దు, డాక్టర్ ఆపమంటే తప్ప స్టాటిన్ కొనసాగించండి, టీకా వేయించుకోండి.

వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నవాళ్లకు, మెదడులో రక్తస్రావం జరిగిన చరిత్ర ఉన్నవాళ్లకు: పెద్ద డోసు దగ్గరకే పోవద్దు. ఎక్కువ విటమిన్ ఇ విటమిన్ కె పనికి అడ్డుతగులుతుంది. వైద్యులైన 14,641 మంది మగవాళ్లమీద జరిగిన 2008 అధ్యయనంలో రోజు మార్చి రోజు 400 యూనిట్లతోనే రక్తస్రావ స్ట్రోక్ పెరిగింది. జ్వరంలో తిండి తగ్గి వార్ఫరిన్ ప్రభావం ఎటూ అటూఇటూ అవుతుంటుంది. దానిమీద ఇది ఇంకో బరువు. చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి మలం, కారణం లేకుండా కమిలిన మచ్చలు కనిపిస్తే ఆ రోజే డాక్టర్‌ను కలవండి. ఆపరేషన్ దగ్గరపడితే ఈ క్యాప్సూల్ సంగతి సర్జన్‌కు ముందే చెప్పాలి.

వృద్ధాశ్రమంలో ఉండి తిండి సరిగా తినలేని పెద్దవాళ్లకు: మొదట మల్టీవిటమిన్ డోసు. రక్తస్రావ ప్రమాదం లేదని డాక్టర్ చూశాక 200 యూనిట్ల గురించి మాట్లాడొచ్చు. న్యుమోనియా ఆగుతుందన్న హామీతో మాత్రం ఇవ్వకూడదు. అక్కడ టీకాలు, చేతుల శుభ్రత, గాలి వెలుతురు ఎక్కువ పనిచేస్తాయి.

కొవ్వు అరగని జబ్బులున్నవాళ్లకు: వాళ్లు ఇప్పటికే వాడుతుంటే జ్వరంలోనూ ఆపకూడదు.

మళ్లీ పరీక్ష ఎప్పుడు

మామూలు జలుబు, తేలికపాటి ఫ్లూ అయితే పూర్తిగా తగ్గాక కనీసం మూడు వారాలు ఆగి లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోండి. న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరినా, స్టెరాయిడ్లు వాడినా మూడు నెలలు. పోలిక కోసం జబ్బుకు ముందు రిపోర్టు పక్కన పెట్టుకోండి, వీలైతే అదే ల్యాబులో చేయించండి. ఆ మధ్యలో వాడిన సప్లిమెంట్ల పేర్లు, డోసులు రిపోర్టు మీదే రాసి డాక్టర్‌కు చూపించండి.

ఈ నిరీక్షణకు ఒక్క మినహాయింపు ఉంది. జ్వరం రోజుల్లో చేసిన పరీక్షలోనే ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే ఆగకుండా డాక్టర్‌కు చూపించాలి. 1000 దాటితే ప్యాంక్రియాస్ వాచే ప్రమాదం బాగా పెరుగుతుంది. పైకడుపులో నొప్పి మొదలై వీపులోకి పాకుతూ వాంతులవుతుంటే అది ఎమర్జెన్సీ, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.